చలి రాష్ట్రాలకు లోడు ఎత్తే ముందు: డీజిల్ గడ్డకట్టకుండా దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయాలి

పొదలకూరు నిమ్మకాయలైనా, మార్కాపురం పలకలైనా, చీమకుర్తి గ్రానైట్ స్లాబులైనా, డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ దాటి పంజాబ్, జమ్మూ వైపు వెళ్లే లారీకి మన దగ్గర ఎన్నడూ ఎదురుకాని చిక్కు ఒకటి వస్తుంది. రాత్రి డాబా దగ్గర బాగానే ఆగిన బండి తెల్లారి స్టార్ట్ అవుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో నడుస్తుంది. గేరు వేసి రోడ్డెక్కగానే పికప్ పడిపోయి ఆగిపోతుంది. డ్రైవరు ఎయిర్ లాక్ (డీజిల్ పైపులో గాలి చేరడం) అనుకుంటాడు, ఓనరు ఫోన్లో పంపు పోయిందేమో అంటాడు. చాలాసార్లు పోయింది పంపు కాదు, మూసుకుపోయింది ఫిల్టరు.

దీనికి మార్కెట్లో, డ్రైవర్ల మధ్య నాలుగైదు విరుగుడులు తిరుగుతుంటాయి. ఆడిటివ్ (డీజిల్‌లో కలిపే మందు) పోయడం, కిరోసిన్ కలపడం, ఫిల్టర్ హీటర్ బిగించడం, రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచడం, చివరికి ట్యాంకు కింద మంట పెట్టడం. ఇవన్నీ ఒక స్థాయివి కావు. కొన్ని పైసా ఖర్చు లేకుండా పనిచేస్తాయి, కొన్ని లక్షల పంపును తినేస్తాయి, ఒకటి ప్రాణమే తీస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బండికి ఏది సరిపోతుందో చూడాలంటే ముందు డీజిల్‌కు ఏమవుతుందో తెలియాలి.

చలికి డీజిల్‌లో జరిగేది

డీజిల్‌లో పారఫిన్ మైనం కరిగి ఉంటుంది. వేడి తగ్గేకొద్దీ అది సన్నటి పలుకులుగా విడిపోతుంది. కొబ్బరినూనె సీసా చలికి ముందు మసకబారి, తర్వాత తెల్లగా పేరుకున్నట్టే ఇదీ. డీజిల్ మసకబారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను క్లౌడ్ పాయింట్ అంటారు. ఆ పలుకులు ఫిల్టరును మూసేసే ఉష్ణోగ్రతను సీఎఫ్‌పీపీ అంటారు. అసలు పారడమే మానేసేది పోర్ పాయింట్. లారీని ఆపేది ఈ మూడింట్లో మధ్యది. ట్యాంకు మూత తీసి చూస్తే డీజిల్ ఇంకా నూనెలాగే కదులుతుంటుంది, అందుకే అనుమానం దాని మీదికి పోదు. కానీ ఫిల్టరు కాగితం మీద మైనం పొరలా పేరుకుపోయి ఇంజన్‌కు ధార అందదు. ఐడిలింగ్‌కు చుక్క చాలు కాబట్టి నడుస్తుంది, లోడు మీద ఎక్కువ డీజిల్ అడిగేసరికి చస్తుంది.

మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు డీజిల్‌కు సీఎఫ్‌పీపీ గరిష్ఠంగా 6 డిగ్రీలు, మిగతా నెలల డీజిల్‌కు 18 డిగ్రీల దాకా ఉండొచ్చు. ఇది హద్దు మాత్రమే, బంకుకు వచ్చేది చాలాసార్లు అంతకంటే మెరుగ్గానే ఉంటుంది. అయినా ప్రయాణం లెక్క వేసుకునేటప్పుడు హద్దునే పట్టుకోవాలి. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా చలి మామూలుగా 18, 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ డీజిల్‌తో మన ఊళ్లో ఏ ఇబ్బందీ రాదు. ఢిల్లీ చుట్టుపక్కల రాత్రి 4, 5 డిగ్రీలు, పంజాబ్, హర్యానా పొలాల మధ్య ఒక్కోసారి సున్నా దగ్గర, శ్రీనగర్‌లో మైనస్ 5కి పడిపోతుంది. అంటే ఆ చిక్కు దారిలో పుట్టింది కాదు. ఇంటి దగ్గర ట్యాంకు నింపినప్పుడే బండెక్కింది.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటి. గ్రానైట్ క్వారీల దగ్గర, రొయ్యల చెరువుల గట్ల మీద జనరేటర్ల కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిల్వ పెడతారు. సెప్టెంబరులో తెచ్చిన డ్రమ్ము డిసెంబరులోనూ ఎండాకాలం డీజిలే, నెల మారితే గుణం మారదు. పైగా వానాకాలం మొత్తం బయట నిలబడిన డ్రమ్ములో అడుగున నీళ్లు చేరి ఉంటాయి. ఉత్తరాదికి కట్టే బండిలో ఆ డీజిల్ ఒక్క లీటరు కూడా పోయకూడదు. తక్కువ ధరకు దొరికే విడి బయోడీజిల్ సంగతీ అంతే. పామాయిల్ నుంచి తీసిన బయోడీజిల్ 13 నుంచి 16 డిగ్రీల మధ్యలోనే మసకబారుతుంది. నాగ్‌పూర్ దాటకముందే ఇబ్బంది మొదలవ్వచ్చు.

మొదటి మార్గం: డీజిల్ ఎక్కడ పోయించాలి

అన్నింట్లోకీ ముందు పెట్టాల్సింది ఇదే. దీనికి ఖర్చు లేదు, తెలివిగా లెక్క వేసుకోవడమే.

నెల్లూరు నుంచి ఢిల్లీ హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ మీదుగా సుమారు 2,000 కిలోమీటర్లు. 400 లీటర్ల ట్యాంకు, లోడు మీద లీటరుకు 3.5 కిలోమీటర్లు అనుకుంటే ఒక ట్యాంకు 1,400 కిలోమీటర్లు వస్తుంది. ఇంటి దగ్గర నింపితే నాగ్‌పూర్ దాటాక మధ్యప్రదేశ్‌లో ఖాళీ అవుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, మన రాష్ట్రంలో డీజిల్ ధర పక్క రాష్ట్రాల కంటే ఎక్కువ కాబట్టి హద్దు దాటగానే ఫుల్ ట్యాంకు కొట్టించడం డ్రైవర్లకు అలవాటు. రెండు ట్యాంకుల బండి అయితే ఆ దక్షిణాది డీజిల్ అంబాలా దాకా కడుపులో ఉంటుంది.

అందుకే ఝాన్సీ, గ్వాలియర్ ప్రాంతానికి చేరేసరికి ట్యాంకులో పావు వంతు మాత్రమే మిగిలేలా చూసుకోవాలి. అక్కడి నుంచి పైన ఎప్పుడు పోయించినా అమ్మకం బాగా ఉన్న హైవే బంకులోనే పోయించాలి. రోజూ ట్యాంకరు దిగే బంకులో ఆ నెల డీజిల్ దొరుకుతుంది. మారుమూల బంకులో భూమిలోని ట్యాంకులో అక్టోబరు సరుకు ఇంకా మిగిలి ఉండొచ్చు.

పావు ట్యాంకుతో చేరమంటున్నాం కదా అని పావు ట్యాంకుతోనే రాత్రి ఆపేయకూడదు. ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి చల్లబడి లోపలి గోడలకు నీరు పడుతుంది. పగలు వేడి, రాత్రి చలి ఉన్న చోట ఇది రోజూ జరుగుతుంది. ఆ నీరు అడుగున చేరి, డీజిల్‌లోంచి నీటిని వేరు చేసే సెపరేటరులోనో సన్నటి లైన్లలోనో సున్నా దగ్గర మంచుగా మారుతుంది. చలి ప్రాంతంలోకి ఖాళీగా వెళ్లాలి, చీకటి పడేలోపు అక్కడి డీజిల్‌తో నింపాలి. ఈ రెండూ కలిస్తేనే ఫలితం. జమ్మూ దాటి పైకి వెళ్లే బండికి ఇంకో కారణం కూడా ఉంది. కొండచరియలు విరిగో, మంచు పడో హైవే మూసేస్తే ఉధంపూర్ దగ్గర రోజుల తరబడి లారీలు నిలిచిపోతాయి. అక్కడ ఫుల్ ట్యాంకు ఉన్నవాడికే ధైర్యం.

లడఖ్ లోడు అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, ఒకటే దారి. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడి కోసం తెచ్చిన వింటర్ గ్రేడ్ డీజిల్ పోర్ పాయింట్ మైనస్ 33. మామూలు డీజిల్‌కు ఏ ఆడిటివ్ కలిపినా ద్రాస్ చలికి ఆ గ్యారంటీ ఇవ్వదు.

రెండో మార్గం: ఆడిటివ్

యాంటీ జెల్, ఫ్లో ఇంప్రూవర్ అనే పేర్లతో దొరికేవి నిజంగానే పనిచేస్తాయి, వాడాల్సిన వేళకు వాడితే. ఇవి మైనాన్ని తీసేయవు. పలుకులు పెద్దవై ఒకదాన్నొకటి పట్టుకోకుండా, ఫిల్టరు గుండా జారిపోయేంత చిన్నవిగా ఉంచుతాయి. కాబట్టి మైనం విడిపోకముందే డీజిల్‌లో కలిసి ఉండాలి. ఒకసారి గడ్డకట్టాక అదే సీసాను పోస్తే ఉపయోగం లేదు. పేరుకున్నదాన్ని కరిగించే ఎమర్జెన్సీ లిక్విడ్ వేరే ఉంటుంది, లేబుల్ మీద ఆ మాట స్పష్టంగా రాసి ఉంటుంది. ఇంజెక్టర్ క్లీనర్, సీటేన్ బూస్టర్ అని రాసినవి చలికి దేనికీ పనికిరావు. షాపులో అన్నీ ఒకే అరలో పెట్టి అమ్ముతారు, చూసుకుని కొనాలి.

కొలత లేబుల్ ప్రకారమే. 1:1000 అని ఉంటే 400 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. రెట్టింపు పోస్తే రెట్టింపు రక్షణ రాదు. ముందు ఆడిటివ్ పోసి, దాని మీద డీజిల్ కొట్టించాలి, అప్పుడే బాగా కలుస్తుంది. పగటి పూట, డీజిల్ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడు పోయాలి. రాత్రి పది గంటలకు పొగమంచులో డాబా ముందు నిలబడి పోసేది చాలావరకు అడుగున విడిగా కూర్చుంటుంది.

లెక్కలో అందరూ తప్పేది ఇక్కడ. నాగ్‌పూర్‌లో ఆడిటివ్ కలిపిన ట్యాంకు పానిపట్ చేరేసరికి పావు వంతుకు పడిపోయింది, అక్కడ 300 లీటర్లు పోయించారు. ఆ కొత్త 300 లీటర్లకు మళ్లీ కొలత వేయాలి. పాత కొలత పాత డీజిల్‌కే చెల్లు.

కొన్న సీసా పనిచేస్తుందో లేదో బయల్దేరకముందే మన దగ్గరే చూసుకోవచ్చు. రొయ్యల ఐస్ ప్లాంట్లు ఉన్న జిల్లా కాబట్టి మంచుకు కొదవలేదు. రెండు చిన్న గాజు సీసాల్లో ట్యాంకులోని డీజిల్ పట్టి, ఒకదాంట్లో మాత్రం కొలత ప్రకారం ఆడిటివ్ కలిపి గట్టిగా మూత బిగించండి. నలగ్గొట్టిన ఐసులో కొంచెం నీళ్లు పోసిన థర్మోకోల్ పెట్టెలో రెండూ మెడ దాకా మునిగేలా రెండు మూడు గంటలు ఉంచండి. ఐసూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపు అది సున్నా డిగ్రీలే. తీసి వెలుతురుకు పట్టి చూడండి. ఆడిటివ్ కలిపింది కూడా మసకబారే ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఇవి క్లౌడ్ పాయింట్‌ను పెద్దగా తగ్గించవు. సీసాను మెల్లగా వంచండి. కలపని సీసాలో అడుగున తెల్లటి తెట్టు కట్టి బద్ధకంగా కదిలి, కలిపిన సీసాలో మసక మసకగానే అయినా సాఫీగా పారితే మీ డబ్బు వృథా కాలేదు. రెండూ తేటగా ఉంటే ఇంకా మంచిది, మీ బంకు డీజిల్ సున్నా దాకా మసకబారకుండా తట్టుకుంటోందని అర్థం. రెండూ ఒకేలా పేరుకుంటే ఆ బ్రాండు మార్చండి. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కానీ నకిలీ సీసాను పట్టుకోవడానికి చాలు.

కిరోసిన్, పెట్రోలు: వద్దు

పాత బండ్ల కాలం నుంచి వస్తున్న అలవాటు ఇది, కొంత నిజం కూడా ఉంది. పది శాతం కిరోసిన్ కలిపితే డీజిల్ గడ్డకట్టే స్థాయి సుమారు రెండు డిగ్రీలు దిగుతుంది. పాత ఇన్‌లైన్ పంపు బండ్లు దాన్ని ఓర్చుకున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యపు ప్రమాణం) బండి ఓర్చుకోదు. దానిలోని సీఆర్‌డీఐ (రైలు అనే ఒకే ఉమ్మడి పైపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే పద్ధతి) హైప్రెషర్ పంపు 1,600 బార్ పైన ఒత్తిడి పుట్టిస్తుంది. ఆ పంపుకు, ఇంజెక్టర్లకు వేరే ఆయిల్ ఉండదు, డీజిలే వాటికి జారుడు. కిరోసిన్‌లో ఆ జారుడు తక్కువ. లోపలి భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే కాబట్టి గీతలు పడితే లోహపు రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. పంపు, రైలు, ఇంజెక్టర్లు అన్నీ కలిపి మార్చాల్సి వస్తుంది. రెండు డిగ్రీల కోసం ఇంత పణం పెట్టడం ఏ రకంగానూ గిట్టదు. పీడీఎస్ నీలి కిరోసిన్ అయితే బండిలో పోయడమే నేరం.

పెట్రోలు ఇంకా ప్రమాదం. డీజిల్ ట్యాంకులోని ఆవిరి మామూలుగా అంత తేలిగ్గా అంటుకోదు. కొంచెం పెట్రోలు కలిపితే ట్యాంకు పైభాగమంతా అంటుకునే ఆవిరి అవుతుంది. దాని మీద ఎవరు ఏం చెప్పినా వినొద్దు.

మూడో మార్గం: ఫిల్టరు, సెపరేటరు

ఆడిటివ్ మీద పెట్టే డబ్బుకంటే ముందు ఈ డబ్బు పెట్టాలి. 40 వేల కిలోమీటర్లు తిరిగిన ఫిల్టరు సగం ఇప్పటికే మట్టితో మూసుకుపోయి ఉంటుంది. కొత్త ఫిల్టరు తట్టుకునే మైనాన్ని అది తట్టుకోదు. అదే డీజిల్, అదే చలి, పక్కపక్కన ఆగిన రెండు బండ్లలో ఒకటి కదిలి ఇంకోటి కదలకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఉత్తరాది ట్రిప్పుకు ముందు ప్రీ ఫిల్టరు, మెయిన్ ఫిల్టరు రెండూ మార్చాలి. సెట్టు అదనంగా ఒకటి క్యాబిన్‌లో ఉండాలి, రబ్బరు రింగులతో సహా. కంపెనీ ఫిల్టరునే తీసుకోండి. లోకల్ ఫిల్టరులో కాగితం సందులు పెద్దవైతే చలికి తొందరగా మూసుకుపోదు, నిజమే, కానీ ఆ సందుల్లోంచే దుమ్ము ఇంజెక్టర్లకు చేరుతుంది.

మార్చేటప్పుడు బీఎస్-6 బండిలో కొత్త మెయిన్ ఫిల్టరులో డబ్బాతో డీజిల్ నింపి బిగించడం తప్పు. ఆ డీజిల్ వడకట్టనిది, నేరుగా పంపులోకి పోతుంది. ఫిల్టరు ఖాళీగానే బిగించి, ప్రీ ఫిల్టరు తల మీద ఉండే హ్యాండ్ పంపును గట్టిపడే దాకా కొట్టాలి. ఎయిర్ తీసే స్క్రూ ఉంటే బుడగలు ఆగేదాకా వదిలి బిగించాలి. పాత బండ్లలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి గాలి తీసేవారు. సీఆర్‌డీఐ బండిలో ఆ పని ఎప్పుడూ చేయకూడదు. ఆ ఒత్తిడికి వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

సెపరేటరు గిన్నె కింది కుళాయి చలి ప్రాంతంలో రోజూ తిప్పాలి, అదీ సాయంత్రం బండి ఆపగానే. అప్పటికి నీళ్లు వెచ్చగా ఉండి బయటికి వస్తాయి. తెల్లారాక తిప్పితే మంచు అయి రావు. అరగ్లాసు డీజిల్ పారదర్శకమైన సీసాలోకి పట్టి చూడండి. అడుగున ముత్యాల్లా గుండ్రంగా కదిలేవి నీళ్లు. పొగలా, పొరలా తేలేది మైనం. ఈ రెండింటికీ మందు వేరు కాబట్టి తేడా పట్టుకోవడం అవసరం.

నాలుగో మార్గం: హీటర్లు

బండిలో ఇప్పటికే హీటర్ ఉందేమో ముందు చూసుకోండి. ప్రీ ఫిల్టరు తలకు నీటి సెన్సారు కనెక్టరు కాక ఇంకో లావాటి వైర్ల కనెక్టరు ఉంటే అది హీటరు కావచ్చు, బండి పుస్తకంలో రాసి ఉంటుంది. చాలాసార్లు ఫ్యూజు పోయి ఎన్నేళ్లుగానో పనిచేయకుండా ఉంటుంది. మన వేడిలో ఎవరికీ తెలియదు.

కొత్తగా పెట్టించాలంటే రెండు రకాలు. కరెంటుతో వేడెక్కే ఫిల్టరు హీటరు తాళం తిప్పగానే పనిచేస్తుంది, స్టార్ట్ చేసేముందు నాలుగైదు నిమిషాలు ఆగితే ఫిల్టరు చుట్టూ మైనం కరుగుతుంది. 24 వోల్టుల మీద 250 వాట్ల హీటరు 10 యాంపియర్లకు పైగా లాగుతుంది, కాబట్టి విడిగా రిలే, ఫ్యూజు, లావు వైరు ఉండాలి. హెడ్‌లైటు వైరులోంచి లైను తీస్తే కాలిపోతుంది. రెండోది రేడియేటర్ వేడినీటిని తిప్పే రకం. ఇది నడుస్తున్న బండికి బాగుంటుంది, తెల్లారి స్టార్టింగ్‌కు ఏమీ చేయదు, ఎందుకంటే ఇంజన్ వేడెక్కాకే దానికి ప్రాణం. మనకు కావలసింది ఆగిన బండి కదలడం. అందుకే ఒక్కటే కొనగలిగితే కరెంటుదే కొనాలి.

పైపులకు చుట్టే ఇన్సులేషన్ మీద అంత ఆశ పెట్టుకోవద్దు. అది వేడిని కాస్త ఆపుతుంది, పుట్టించదు. ఎనిమిది గంటలు ఆగిన బండిలో చుట్టిన పైపు, చుట్టని పైపు ఒకే చలికి వస్తాయి. నడిచేటప్పుడు చలిగాలి నేరుగా కొట్టే, ట్యాంకు నుంచి డీజిల్ లాగే సక్షన్ పైపుకు మాత్రం ఉపయోగం ఉంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ఢిల్లీ వెళ్లే బండికి హీటరు దండగ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జమ్మూ, హిమాచల్ కాంట్రాక్టు మీద తిరిగే బండికి మాత్రం మొదటి సీజన్‌లోనే ఖర్చు తిరిగొస్తుంది.

రాత్రంతా ఇంజన్ నడపడం

మైనస్ చలిలో చాలామంది చేసే పని. సీఆర్‌డీఐ ఇంజన్‌లో మిగిలిన వేడి డీజిల్ రిటర్న్ పైపు ద్వారా ట్యాంకుకు వస్తుంది కాబట్టి గడ్డకట్టకుండా ఉంటుంది, నిజమే. కానీ పెద్ద లారీ ఐడిలింగ్‌లో గంటకు 2 నుంచి 3 లీటర్లు తాగుతుంది. పది గంటలకు 20 నుంచి 30 లీటర్లు. రెండు రాత్రుల ఖర్చుతో ట్రిప్పంతటికీ సరిపడే ఆడిటివ్ వస్తుంది. బీఎస్-6లో సైలెన్సర్ చల్లగా ఉండి మసి ఫిల్టరు నిండిపోతుంది, పొద్దున్నే రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) అడుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం మనుషుల సంగతి. అద్దాలు బిగించుకుని డ్రైవరు, క్లీనరు పడుకున్న క్యాబిన్‌లోకి పొగ చేరితే లేవరు. మంచు పడి సైలెన్సర్ మూతి మూసుకుపోయిన చోట ఇది తరచూ పొంచి ఉండే ప్రమాదం. తప్పనిసరై నడపాల్సి వస్తే అద్దం రెండు వేళ్లంత దించి, ఒకరు మేలుకుని ఉండాలి.

బండి గాలికి ఎదురుగా కాకుండా ఆపడం, ట్యాంకు ఉన్న పక్క గోడకో, వేరే లారీకో ఆనుకుని ఉండేలా ఆపడం ఖర్చు లేని పనులు. చలిగాలి తగ్గితే వేడి మెల్లగా పోతుంది, తెల్లవారే లోపు కొంత సమయం కలిసొస్తుంది.

ఆగిపోయాక

ముందు జబ్బు ఏదో తెలుసుకోవాలి. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంటే డీజిల్‌ను అనొద్దు, బ్యాటరీ చూడండి. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ బలంలో మూడో వంతు దాకా పోతుంది, మన వేడికి అలిసిపోయిన పాత బ్యాటరీలు అక్కడ ముందు బయటపడతాయి. సెల్ఫ్ జోరుగా తిరుగుతూ స్టార్ట్ కాకపోతే హ్యాండ్ పంపు నొక్కండి. మెత్తగా దిగి బుడగల శబ్దం వస్తే గాలి. నొక్కడానికే రాకుండా రాయిలా ఉంటే పంపు తర్వాత ఉన్న ఫిల్టరు మూసుకుంది. నొక్కాక పైకి లేవకుండా అలాగే ఉండిపోతే ట్యాంకు నుంచి వచ్చే సక్షన్ పైపో, ట్యాంకులోని జాలీయో మూసుకుంది.

ఫిల్టరు అయితే డాబాలో మరిగించిన నీళ్లు తెచ్చి, పాత గోనె ముక్క తడిపి ఫిల్టరు డబ్బా చుట్టూ కట్టి, దాని మీద కొంచెం కొంచెంగా పోస్తూ ఉండండి. కనెక్టర్ల మీద పడకుండా ప్లాస్టిక్ కవరు చుట్టండి. పది, పదిహేను నిమిషాలకు మైనం కరుగుతుంది. సున్నాకు దిగువన ఉంటే తడి గోనెను అలాగే వదిలేయొద్దు, గడ్డకడుతుంది. తర్వాత హ్యాండ్ పంపు కొట్టి, 15 సెకన్లకు మించకుండా సెల్ఫ్ ఇచ్చి, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగండి. స్టార్ట్ అయ్యాక వెంటనే గేరు వేయొద్దు, పావుగంట వదిలితే రిటర్న్ డీజిల్ ఫిల్టరును, ట్యాంకును కొంత వెచ్చబెడుతుంది. మైనంతో మాత్రమే మూసుకున్న ఫిల్టరు కరిగాక మళ్లీ పనిచేస్తుంది. ముందే మురికి పట్టింది అయితే కరిగినా లాగదు, మార్చేయాలి. తీసేసిన ఫిల్టరును నిలువుగా పట్టుకుని వెలుతురులో చూస్తే మడతల మధ్య తెల్లగా, గంజి పేరుకున్నట్టు కనిపించేది మైనమే.

ట్యాంకు కింద గుడ్డలు కాల్చడం, టైరు ముక్కలు కాల్చడం ఉత్తరాదిలో కనిపిస్తుంది. చూసి అనుకరించొద్దు. బ్రేకు గాలి పైపులు, వైరింగు, ప్లాస్టిక్ రిటర్న్ పైపులు అన్నీ ఆ పక్కనే ఉంటాయి. బండితో పాటు లోడు, ఆ పక్క లారీలు పోతాయి. ట్యాంకు మొత్తం గడ్డకడితే ఎండ వచ్చేదాకా ఆగడమో, మూసిన షెడ్డులోకి లాగించడమో తప్ప వేరే దారి లేదు. డీజిల్ మళ్లీ తేటపడాలంటే క్లౌడ్ పాయింట్‌ను బాగా దాటి వెచ్చబడాలి, బొటాబొటీగా వెచ్చబడితే ఫిల్టరు కాసేపట్లోనే మళ్లీ మూసుకుంటుంది.

బనిహాల్ దాటి కశ్మీర్ లోయలోకి వెళ్లే బీఎస్-6 బండికి డీఈఎఫ్ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రావణం) సంగతి కూడా ఉంది. 32.5 శాతం యూరియా ఉన్న ఆ ద్రావణం మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అది గడ్డకట్టినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, వేడినీటి పైపుతో సిస్టమే దాన్ని కరిగించుకుంటుంది. అందులో నీళ్లు గానీ, డీజిల్ ఆడిటివ్ గానీ పోస్తే సెన్సార్లు, కన్వర్టరు పోతాయి. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి చలిలో డీఈఎఫ్ ట్యాంకును మూతిదాకా నింపకుండా పది శాతం వెలితి ఉంచండి.